విజయవాడ ఆఫీసులోనివీ, గుంటూరు గోదాములోనివీ, క్లౌడ్‌లోనివీ: అన్ని సర్వర్లకూ ఒకే చోటి నుంచి ప్యాచ్‌లు వేయడం ఎలా?

గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ, విజయవాడలో హెడ్డాఫీసు, హైదరాబాదు రీజియన్‌లోనో ముంబై రీజియన్‌లోనో (రీజియన్ అంటే క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్లు ఉన్న ప్రాంతం) కొన్ని క్లౌడ్ సర్వర్లు. మన ప్రాంతంలో ఓ మోస్తరు సంస్థల కంప్యూటర్ వ్యవస్థ ఇప్పుడు చాలావరకు ఈ తీరుగానే ఉంటోంది. ఇరవై నుంచి వంద దాకా సర్వర్లు ఉంటాయి, వాటిని చూసుకోవడానికి ఒకరో ఇద్దరో మనుషులు ఉంటారు, ఆ ఇద్దరే ప్రింటర్లూ చూడాలి, ఇంటర్నెట్టూ చూడాలి. ఇలాంటి చోట ప్యాచ్‌లు, అంటే సాఫ్ట్‌వేర్ లోపాలను సరిచేసే అప్‌డేట్లు, ఎవరికి తీరిక దొరికినప్పుడు వారు, గుర్తొచ్చిన సర్వర్‌కు వేస్తూ పోతారు. ఏ సర్వర్‌కు ఏ నెల దాకా ప్యాచ్‌లు పడ్డాయని యజమాని అడిగితే మాత్రం ఖచ్చితంగా చెప్పగలిగేవారు ఎవరూ ఉండరు. ఆ ప్రశ్నకు ఎప్పుడు అడిగినా అయిదు నిమిషాల్లో నిజమైన జవాబు చెప్పగలిగే స్థితికి మిమ్మల్ని చేర్చడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఆలస్యం ఖరీదు ఎంతో తెలియడానికి ఒక్క ఉదాహరణ చాలు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై దాడి 2017 మే 12న ప్రపంచమంతటా విరుచుకుపడింది. అది వాడుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చి 14నే ప్యాచ్ విడుదల చేసింది. అంటే 59 రోజుల గడువు ఉంది. ఆనాడు మద్దతులో ఉన్న విండోస్ యంత్రాల్లో, ఆ రెండు నెలల్లో ప్యాచ్ వేసి రీస్టార్ట్ చేసినవాటికి ఆ లోపం ద్వారా వచ్చిన దెబ్బ తగలలేదు.

మొదటి పని: సర్వర్ల చిట్టా

చాలామంది ముందుగా ఏ సాఫ్ట్‌వేర్ కొనాలని ఆలోచిస్తారు. నా అనుభవంలో అది రెండో వారం పని. మొదటి వారమంతా చిట్టా రాయడానికే కేటాయించండి. ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి ప్రతి సర్వర్‌కూ ఒక వరుస ఇవ్వండి. సర్వర్ పేరు, అది ఉన్న చోటు, ఆపరేటింగ్ సిస్టమ్ దాని వెర్షన్‌తో సహా, అందులో నడిచే పని, అది ఆగితే ఎవరి పని ఆగుతుంది, రీస్టార్ట్‌కు అనుమతి ఇవ్వాల్సిన వ్యక్తి, చివరిసారి రీస్టార్ట్ అయిన తేదీ, బ్యాకప్ ఎక్కడికి వెళ్తోంది అనే విషయాలు తప్పనిసరిగా ఉండాలి. వీటిలో అందరూ ఖాళీగా వదిలేసేది అనుమతి ఇచ్చే వ్యక్తి పేరు. ఆ గడి ఖాళీగా ఉన్న సర్వర్‌కు ప్యాచింగ్ ప్రతి నెలా వాయిదా పడుతూనే ఉంటుంది, ఎందుకంటే సరే అనడానికి అక్కడ మనిషే లేడు.

ఈ చిట్టాను ఒకే మూలం నుంచి తయారుచేయకండి. వర్చువలైజేషన్ కన్సోల్ (ఒకే యంత్రంలో నడిచే పలు సర్వర్లను చూసుకునే నియంత్రణ తెర) నుంచి ఒక జాబితా, ప్రతి క్లౌడ్ ఖాతా నుంచి ఒక జాబితా, యాంటీవైరస్ కన్సోల్ నుంచి ఒకటి, యాక్టివ్ డైరెక్టరీ (సంస్థలోని విండోస్ ఖాతాలు, యంత్రాల పట్టిక) నుంచి ఒకటి, నెట్‌వర్క్ స్కాన్ నుంచి ఒకటి తీసుకొని పక్కపక్కన పెట్టి సరిచూడండి. ఒకదానిలో ఉండి మరొకదానిలో లేని పేర్లే మీకు కావలసినవి. క్లౌడ్ జాబితా తీసేటప్పుడు అన్ని రీజియన్లూ చూడాలి, ఎందుకంటే పరీక్ష కోసం ఎవరో ఎప్పుడో వేరే రీజియన్‌లో పెట్టిన సర్వర్ అక్కడే పబ్లిక్ ఐపీతో, అంటే ఇంటర్నెట్ నుంచి నేరుగా చేరగల చిరునామాతో, కూర్చుని ఉండవచ్చు. ఆ తరువాత అకౌంట్స్ విభాగానికి వెళ్లి గత అయిదారేళ్లలో కొన్న సర్వర్ల బిల్లులు చూడండి. చివరగా, కాళ్లతో నడిచి ప్రతి గదీ చూడండి.

ఇది మాట వరసకు చెప్పడం లేదు. గుంటూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో మేము చిట్టా పూర్తయిందని అనుకున్నాక, కాటా గదిలోకి తొంగిచూస్తే టేబుల్ కింద ఒక సీపీయూ కనిపించింది. మిర్చి దుమ్ము పేరుకుని ముందువైపు జాలీ ఎర్రగా మారిపోయింది, ఫ్యాన్ గరగరమంటోంది, పైన ఎవరో టీ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక ఉంది. టిక్కీల తూకం చీటీలు ముద్రించేది అదే. అందులో ఉన్నది విండోస్ సర్వర్ 2012 ఆర్‌2. డొమైన్‌లో (సంస్థ యంత్రాలన్నింటినీ ఒకే అజమాయిషీ కిందికి తెచ్చే ఏర్పాటు) చేర్చలేదు కనుక ఏ కన్సోల్‌లోనూ దాని పేరు లేదు, అయినా లోపలి నెట్‌వర్క్‌లోని ప్రతి సర్వర్‌కూ దాని నుంచి దారి తెరిచే ఉంది.

వెర్షన్ల గడి నింపేటప్పుడు మద్దతు ముగిసిన తేదీలను కూడా రాయండి. విండోస్ సర్వర్ 2012, 2012 ఆర్‌2 లకు సాధారణ మద్దతు 2023 అక్టోబరు 10న ముగిసింది. డబ్బు కట్టి తీసుకునే పొడిగింపు ప్యాచ్‌లకు కూడా 2026 అక్టోబరు 13 చివరి తేదీ. సెంటోస్ 7 గడువు 2024 జూన్ 30తో అయిపోయింది. ఉబుంటు 20.04 ప్రామాణిక మద్దతు 2025 మే నెలతో ముగిసింది. విండోస్ సర్వర్ 2016 కు 2027 జనవరి 12 దాకా సమయం ఉంది. గడువు తీరిన సర్వర్‌ను ఎంత మంచి సాధనానికి కలిపినా, వేయడానికి కొత్త ప్యాచ్‌లే రావు కనుక, కన్సోల్‌లో అది పచ్చగా కనిపించి మిమ్మల్ని మోసం చేస్తుంది.

రెండో పని: పెత్తనం ఏ సాధనానికి ఇవ్వాలో తేల్చుకోవడం

మీ సర్వర్లలో ఎక్కువ భాగం విండోస్ అయి, క్లౌడ్‌లో ఉన్నవి మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన ఆజూర్‌లో ఉంటే, ఆజూర్ అప్‌డేట్ మేనేజర్ తీసుకోండి. ఆఫీసులో ఉన్న సర్వర్లను, ఇతర క్లౌడ్‌లలో ఉన్నవాటిని ఆజూర్ ఆర్క్ ఏజెంట్ (సర్వర్‌లో ఉండి కన్సోల్‌తో మాట్లాడే చిన్న ప్రోగ్రామ్) ద్వారా అదే కన్సోల్‌కు కలపవచ్చు. ఆజూర్‌లోని వర్చువల్ మెషీన్లకు విడిగా రుసుము లేదు. ఆర్క్ ద్వారా కలిపినవాటికి మామూలుగా ఒక్కో సర్వర్‌కు నెలకు 5 డాలర్ల చొప్పున పడుతుంది. క్లౌడ్ సర్వర్లు అమెజాన్ క్లౌడ్ అయిన ఏడబ్ల్యూఎస్‌లో ఎక్కువగా ఉంటే సిస్టమ్స్ మేనేజర్‌లోని ప్యాచ్ మేనేజర్ మేలు. హైబ్రిడ్ యాక్టివేషన్ అనే పద్ధతిలో ఆఫీసు సర్వర్లను కూడా దానికి జతచేయవచ్చు. అలా జతచేసినవి కన్సోల్‌లో ఎంఐ అనే అక్షరాలతో మొదలయ్యే గుర్తింపుతో కనిపిస్తాయి కనుక ఏది ఎక్కడిదో తేలికగా తెలిసిపోతుంది. లైనక్స్ సర్వర్లే ఎక్కువగా ఉండి, చేతిలో బడ్జెట్ తక్కువగా ఉండి, స్క్రిప్టులు రాయగల మనిషి ఉంటే స్క్రిప్టులతో అనేక సర్వర్లకు ఒకేసారి పని చెప్పే యాన్సిబుల్ చక్కగా సరిపోతుంది. అయితే ఆ మనిషి ఉద్యోగం మారితే ఎవరు చూస్తారన్నది ముందే తేల్చుకోవాలి.

విండోస్ ప్యాచ్‌లను ఆఫీసు లోపలే నిల్వచేసి పంచే మైక్రోసాఫ్ట్ సాధనం డబ్ల్యూసస్ సంగతి చాలామంది అడుగుతారు. దానికి ఇక కొత్త సౌకర్యాలు చేర్చబోమని మైక్రోసాఫ్ట్ 2024 సెప్టెంబరులో ప్రకటించింది, కానీ అది పనిచేయడం మానలేదు, మద్దతు కూడా ఆగలేదు. నేను దానిని పెత్తనానికి కాకుండా సరుకు నిల్వకు వాడమంటాను. కారణం ఏమిటంటే, ఆజూర్ అప్‌డేట్ మేనేజర్ ప్యాచ్‌లను తన దగ్గర దాచి పంపదు. ఏ సర్వర్‌కు ఎప్పుడు ఏది వేయాలో చెబుతుంది, సర్వర్ మాత్రం తనకు కేటాయించిన చోటు నుంచే దానిని దించుకుంటుంది. గుంటూరు గోదాములో పన్నెండు విండోస్ సర్వర్లు ఉండి, ఒక్కొక్కటీ నెలవారీ క్యుములేటివ్ అప్‌డేట్‌ను విడివిడిగా ఇంటర్నెట్ నుంచి దించుకుంటే, అదే లైను మీద నడిచే బిల్లింగ్ నిలిచిపోతుంది. అక్కడ ఒక డబ్ల్యూసస్ ఉంటే ఆ సరుకు ఒక్కసారే బయట నుంచి వస్తుంది, మిగతాది లోపలి నెట్‌వర్క్‌లోనే తిరుగుతుంది. లైనక్స్‌కు ఇదే పని స్థానిక మిర్రర్ (ప్యాచ్‌ల నిల్వకు మన దగ్గర ఉంచుకునే నకలు) చేస్తుంది. అయితే డబ్ల్యూసస్‌నే ముందుగా ప్యాచ్ చేయాలని మరవకండి. 2025 అక్టోబరులో దానిలోనే, లాగిన్ అవసరం లేకుండా బయటివారు కోడ్ నడపగలిగే తీవ్రమైన లోపం బయటపడి, సీవీఈ-2025-59287 అనే నంబరు గల ఆ లోపం కోసం మైక్రోసాఫ్ట్ నెలవారీ తేదీతో సంబంధం లేకుండా అత్యవసర ప్యాచ్ విడుదల చేయవలసి వచ్చింది. దాని 8530, 8531 పోర్టులు (నెట్‌వర్క్ ద్వారాలు) ఏ పరిస్థితిలోనూ ఇంటర్నెట్‌కు తెరిచి ఉండకూడదు.

ఏ సాధనం ఎంచుకున్నా ఒక్కటే ఎంచుకోండి. సగం సర్వర్లు ఒక కన్సోల్‌లో, సగం మరొకదానిలో ఉంటే చిట్టాలో మళ్లీ సందులు ఏర్పడతాయి.

మూడో పని: సర్వర్లను కలపడం

ఏజెంట్లు సర్వర్ వైపు నుంచే 443 పోర్టు మీద బయటికి మాట్లాడతాయి కనుక బయటి నుంచి లోపలికి ఏ దారీ తెరవనవసరం లేదు. ఈ మాట ఫైర్‌వాల్ చూసేవారికి ముందే స్పష్టంగా చెప్పండి, వారి సందేహం సగం తీరుతుంది. ఫైర్‌వాల్ టీఎల్ఎస్ (రహస్య లిపిలో సాగే) రాకపోకలను విప్పి చూసే అమరికలో ఉంటే, ఏజెంట్ వాడే చిరునామాలకు మినహాయింపు ఇవ్వాలి, లేకపోతే ఏజెంట్ ఇన్‌స్టాల్ అవుతుంది కానీ కన్సోల్‌లో కనిపించదు. పాత యంత్రాల్లో గడియారం తప్పుగా ఉండటం మరో సాధారణ కారణం. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయి తేదీ వెనక్కి పోతే సర్టిఫికెట్లు చెల్లవు, అక్కడితో సంబంధం తెగిపోతుంది. అందువల్ల ఏజెంట్ వేయడానికి ముందే అన్ని సర్వర్లనూ ఒకే ఎన్‌టీపీ (నెట్‌వర్క్ ద్వారా గడియారాలు సరిచేసే) మూలానికి సరిచేయండి. మన దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం కూడా గడియారాలు ప్రభుత్వ సంస్థలైన ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ సమయానికి సరిపోలి ఉండాలి కనుక ఒక్క పనితో రెండు అవసరాలు తీరుతాయి.

కలపడానికి వాడే ఖాతాకు కలిపే అధికారం మాత్రమే ఇవ్వండి. ఆర్క్‌లో అందుకోసమే ప్రత్యేక పాత్ర ఉంది. ఏడబ్ల్యూఎస్ యాక్టివేషన్ కోడ్ విడిగా చెప్పకపోతే 24 గంటల్లో చెల్లకుండా పోతుంది, గరిష్ఠంగా 30 రోజులు పెట్టుకోవచ్చు, ఎన్ని సర్వర్లకు చెల్లుతుందో కూడా నిర్ణయించవచ్చు. రెండింటినీ బిగించే ఉంచండి. ఇక కన్సోల్ విషయం. అన్ని సర్వర్ల మీదా అడ్మిన్ స్థాయిలో ఆదేశాలు నడపగల చోటు అది. ఒక విధంగా చెప్పాలంటే ఇంటి తాళాలన్నీ గుచ్చిన గుత్తి. దానికి రెండంచెల ధ్రువీకరణ లేకుండా ఒక్క రోజు కూడా ఉంచకండి, ముగ్గురికి మించి అధికారం ఇవ్వకండి, మానేసిన ఉద్యోగి ఖాతాను అదే రోజు తీసేయండి.

అన్నీ కలిపిన తరువాత మొదటి వారం రోజులు స్కాన్ మాత్రమే చేయండి. ఏమీ వేయకండి. ఏ సర్వర్‌కు ఎన్ని ప్యాచ్‌లు బాకీ ఉన్నాయో చూసి మీ చిట్టాతో పోల్చండి. చిట్టాలో ఉండి కన్సోల్‌లో లేని ప్రతి సర్వర్‌కూ ఎదురుగా కారణం రాసిన తరువాతే ముందుకు కదలండి.

నాలుగో పని: వరుసలుగా విడదీయడం

అన్ని సర్వర్లకూ ఒకే రాత్రి ప్యాచ్‌లు వేయడం కేంద్రీకృత వ్యవస్థ తెచ్చిపెట్టే కొత్త ప్రమాదం. చేత్తో వేసినప్పుడు తప్పు ఒక సర్వర్‌కే పరిమితమవుతుంది, కన్సోల్ నుంచి వేస్తే అన్నింటికీ ఒకేసారి పాకుతుంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక లోపభూయిష్ట అప్‌డేట్ వల్ల సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ముందు కొన్నింటికి ఇచ్చి చూడకుండా అన్నింటికీ ఒక్కసారే పంపడం వల్లనే నష్టం అంతగా పెరిగింది.

మూడు వరుసలు సరిపోతాయి. మొదటి వరుసలో పరీక్ష సర్వర్లతో పాటు, ఆగినా పెద్దగా నొప్పి కలగని ఒకటి రెండు నిజమైన సర్వర్లు ఉండాలి. నిజంగా వాడేవాటిని చేర్చమనడానికి కారణం ఉంది: పరీక్ష సర్వర్‌లో ప్రింటర్ డ్రైవర్ ఉండదు, తూకం యంత్రానికి వెళ్లే సీరియల్ కేబుల్ ఉండదు, అసలు తేడాలు అక్కడే వస్తాయి. రెండో వరుసలో సాధారణ అప్లికేషన్ సర్వర్లు, మూడో వరుసలో డేటాబేస్‌లు, బిల్లింగ్, డొమైన్ కంట్రోలర్లు (ఉద్యోగుల లాగిన్‌లను సరిచూసే సర్వర్లు) పెట్టండి. జంటగా పనిచేసే సర్వర్లను ఎప్పుడూ ఒకే రాత్రి ముట్టుకోకండి. రెండు డొమైన్ కంట్రోలర్లూ ఒకేసారి రీస్టార్ట్ అయి, వాటిలో ఒకటి లేవకపోతే, ఉదయం ఒక్కరు కూడా లాగిన్ కాలేరు.

ఈ క్రమాన్ని పక్కన పెట్టవలసిన సందర్భం ఒకటుంది. ఒక లోపాన్ని దుండగులు ఇప్పటికే వాడుతున్నారని అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా నిర్వహించే కెవ్ (దాడుల్లో వాడుతున్నట్టు తేలిన లోపాల) జాబితాలో చేరినా, సెర్ట్-ఇన్ హెచ్చరిక ఇచ్చినా, ఆ లోపం ఉన్న సర్వర్ ఇంటర్నెట్‌కు ఎదురుగా ఉంటే, వారాల నిరీక్షణ వద్దు. మొదటి వరుసలో కొన్ని గంటలు చూసి అదే రాత్రి వేయండి. తీవ్రత అంకె పదికి 9.8 అని భయపడి లోపలి సర్వర్ వైపు పరుగెత్తడం కంటే, 7.5 ఉన్నా నిజంగా దాడికి గురవుతున్న బయటి సర్వర్‌ను ముందు మూయడం సరైన పని.

అయిదో పని: సమయం నిర్ణయించడం

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే కనుక కాస్త నిదానంగా చెబుతాను.

మైక్రోసాఫ్ట్ తన నెలవారీ ప్యాచ్‌లను ప్రతి నెలా రెండో మంగళవారం విడుదల చేస్తుంది. 2003 అక్టోబరు నుంచి అదే ఆనవాయితీ. విడుదలయ్యే సమయం అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం 10 గంటలు, అంటే మనకు అదే రాత్రి 10.30, చలికాలంలో 11.30. కనుక మనకు పని మొదలయ్యేది బుధవారం ఉదయమే. ఇప్పుడు మనవాళ్లందరికీ తట్టే ఆలోచన ఒకటుంది: రెండో శనివారం బ్యాంకులకు సెలవు, చాలా ఆఫీసులకూ సెలవు, ఆ రాత్రి ప్యాచ్‌లు పెట్టుకుంటే సరిపోతుంది కదా అని. కాలెండర్ తీసి చూడండి. నెల బుధ, గురు, శుక్ర, శనివారాల్లో దేనితో మొదలైనా రెండో శనివారం రెండో మంగళవారం కంటే ముందే వచ్చేస్తుంది. 2025 అక్టోబరులో రెండో శనివారం 11, రెండో మంగళవారం 14. రెండో శనివారాన్ని నమ్ముకున్నవారు ఆ నెల పాత ప్యాచ్‌లనే వెతికి, కొత్తవి వేయకుండా, అంతా సవ్యంగా ఉందనే నివేదిక తీసుకుని ఇంకో నెల గడిపేస్తారు. అందువల్ల షెడ్యూల్‌ను శనివారంతో కాకుండా రెండో మంగళవారంతో ముడిపెట్టి, దానికి రోజులు కలపండి. ఆజూర్, ఏడబ్ల్యూఎస్ రెండింటిలోనూ ఆ సదుపాయం ఉంది. మొదటి వరుసకు రెండో మంగళవారం తరువాత రెండు రోజులు, రెండో వరుసకు నాలుగు రోజులు, మూడో వరుసకు మూడో మంగళవారం తరువాత నాలుగు రోజులు అని పెడితే గురువారం, శనివారం, ఆపై శనివారం ప్రతి నెలా తప్పకుండా వస్తాయి.

ఇక టైమ్ జోన్. క్లౌడ్ షెడ్యూళ్లు చాలావరకు మీరు వేరే చెప్పకపోతే యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) నడుస్తాయి, మన గడియారం దానికంటే అయిదున్నర గంటలు ముందుంటుంది. కొన్నేళ్ల కిందట నేను ఒక కోల్డ్ స్టోరేజీ సర్వర్‌కు రాత్రి 2 గంటలకు అని షెడ్యూల్ పెట్టి, టైమ్ జోన్ గడి చూడకుండా వదిలేశాను. అది ఉదయం 7.30కు మొదలైంది. మార్చి నెల, సీజన్ మంచి ఊపులో ఉంది, గేటు బయట సరుకు లారీలు వరుసకట్టి ఉన్నాయి. సర్వర్ రీస్టార్ట్ అయి, అప్‌డేట్ శాతం తెర మీద నెమ్మదిగా కదులుతుంటే, కాటా గుమాస్తా గారు కార్బన్ కాగితం తెప్పించి చేత్తో చీటీలు రాశారు. ఆ చీటీలన్నీ సాయంత్రం దాకా మళ్లీ కంప్యూటర్‌లోకి ఎక్కించాల్సి వచ్చింది. అప్పటి నుంచి నేను ప్రతి షెడ్యూల్ పక్కన భారత సమయం, యూటీసీ రెండూ రాసి, తరువాత నడిచే సమయం ఏదో కన్సోల్‌లో కంటితో చూసి మరీ వదులుతున్నాను. మీరూ అలాగే చేయండి.

మన ఊళ్ల కాలెండర్‌ను కూడా షెడ్యూల్‌లోకి తీసుకురండి. జీఎస్టీఆర్-1 కు నెలవారీ గడువు 11, 3బీకి 20. మూడో వరుస శనివారం 19 లేదా 20వ తేదీన పడితే ఖాతాల సర్వర్‌ను 21 దాటాక పెట్టుకోండి. మార్చి చివరి వారంలో ఖాతాలు ముగించే సర్వర్‌ను కదపకండి. మిర్చి వ్యాపారం చేసేవారికి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఊపిరి సలపదు. యార్డుకు వేసవి సెలవులు ఇచ్చే రోజులే వెర్షన్ మార్చడం, యంత్రం మార్చడం వంటి పెద్ద పనులకు అనువైనవి. విజయవాడలో హోటళ్లు, రవాణా, టికెట్ల వ్యవస్థలు నడిపేవారు దసరా నవరాత్రుల్లో, ముఖ్యంగా ఇంద్రకీలాద్రికి జనం పోటెత్తే మూలా నక్షత్రం రోజు దగ్గరలో, అత్యవసర ప్యాచ్ తప్ప మరేదీ పెట్టుకోకూడదు. అయితే ఇలా ఆపిన రోజులకు ముగింపు తేదీ కూడా అప్పుడే రాయాలి. సీజన్ పేరు చెప్పి ఫిబ్రవరిలో ఆపిన ప్యాచింగ్ ఆగస్టు దాకా మొదలుకాని చోట్లు నేను చూశాను.

విండో, అంటే ప్యాచింగ్‌కు కేటాయించే సమయం, నిడివి కూడా ఆలోచించి పెట్టండి. ఆజూర్‌లో గరిష్ఠం 3 గంటల 55 నిమిషాలు. చాలాకాలం వదిలేసిన సర్వర్‌కు మొదటిసారి అది చాలకపోవచ్చు కనుక, అలాంటివాటికి మొదటి విడత మీరు దగ్గర ఉండి చేత్తో పూర్తిచేసి, తరువాత షెడ్యూల్‌కు అప్పగించండి.

ఆరో పని: ఆ రాత్రి చేయవలసినవి

ముందుగా బ్యాకప్ పూర్తయిందో లేదో చూడండి. పూర్తయిందని మెయిల్ రావడం వేరు, అందులోంచి ఒక ఫైలు వెనక్కి తీసి తెరిచి చూడటం వేరు. రెండోది నెలకు ఒక్కసారైనా చేయాలి. తరువాత స్నాప్‌షాట్ (సర్వర్ ఆ క్షణంలో ఉన్న స్థితి నమూనా) తీసుకోండి, కానీ దానిని బ్యాకప్‌గా భావించకండి. వర్చువల్ సర్వర్లను నడిపే వీఎంవేర్‌లో స్నాప్‌షాట్‌ను 72 గంటలకు మించి ఉంచవద్దని ఆ సంస్థే చెబుతుంది. అది పెరుగుతూ పోయి డిస్కు నిండితే సర్వర్లు ఆగిపోతాయి. తీసిన రోజునే తొలగించే తేదీ కూడా రాసుకోండి. డొమైన్ కంట్రోలర్, డేటాబేస్ సర్వర్ల విషయంలో స్నాప్‌షాట్‌కు వెనక్కి పోవడం వల్ల మధ్యలో నమోదైన లావాదేవీలు పోతాయి కనుక, వాటికి వాటి సొంత బ్యాకప్ పద్ధతే వాడాలి.

డిస్కులో ఖాళీ చూడండి. విండోస్‌లో సీ డ్రైవ్, లైనక్స్‌లో బూట్ విభాగం నిండి ఉంటే ప్యాచ్ సగంలో ఆగుతుంది.

ఇప్పుడు చాలామంది చేయని ఒక పని చెబుతాను: ప్యాచ్ వేయడానికి ముందు సర్వర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేయండి. ఏడాదిగా ఆగకుండా నడుస్తున్న సర్వర్ తిరిగి లేస్తుందో లేదో ఎవరికీ తెలియదు. డిస్కు పాడై ఉండవచ్చు, ఎవరో చేత్తో మొదలుపెట్టిన సర్వీసు ఆటోమేటిక్‌గా లేవకపోవచ్చు. ముందే రీస్టార్ట్ చేసి చూస్తే ఆ లోపం పాతదని తేలుతుంది. ప్యాచ్ వేశాక చూస్తే నింద ప్యాచ్ మీద పడుతుంది, మరుసటి నెల నుంచి ఆ సర్వర్ జోలికి ఎవరూ పోనివ్వరు.

ఆఫీసులో ఉన్న సర్వర్లకు మరో జాగ్రత్త అవసరం. క్లౌడ్ సర్వర్ లేవకపోతే బ్రౌజర్‌లోంచే దాని తెర చూడవచ్చు. గుంటూరులోని భౌతిక సర్వర్ లేవకపోతే, విజయవాడలో ఉన్న మీరు అర్ధరాత్రి మంగళగిరి మీదుగా ముప్పై కిలోమీటర్లకు పైగా బండి మీద వెళ్లాలి. సర్వర్ లేవకపోయినా దూరం నుంచే దాని తెర చూపే ఐలో, ఐడ్రాక్ వంటి రిమోట్ కార్డులను ముందే అమర్చి, పాస్‌వర్డు పనిచేస్తోందో చూసుకుంటే ఆ ప్రయాణం తప్పుతుంది. అయితే ఆ కార్డులను ప్రత్యేక నెట్‌వర్క్‌లోనే ఉంచాలి. యూపీఎస్ బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో, జనరేటర్‌లో డీజిల్ ఉందో లేదో వాచ్‌మన్‌ను అడిగి తెలుసుకోండి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే జరిగే నష్టం ప్యాచ్ వల్ల జరిగే నష్టం కంటే చాలా ఎక్కువ.

ప్యాచ్‌లు వేసిన తరువాత రీస్టార్ట్‌ను వాయిదా వేయకండి. లైనక్స్‌లో కొత్త కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) డిస్కు మీదికి వచ్చినా రీస్టార్ట్ అయ్యేదాకా నడిచేది పాతదే. ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ వంటి లైబ్రరీ మారినా, దానిని వాడుతున్న సర్వీసు తిరిగి మొదలయ్యేదాకా జ్ఞాపకంలో ఉన్నది పాత కోడే. కన్సోల్‌లో ఇన్‌స్టాల్ అయిందని, రీస్టార్ట్ బాకీ ఉందని రెండు గుర్తులు పక్కపక్కనే కనిపిస్తే ఆ సర్వర్ ఇంకా అయినట్టు లెక్క కాదు. రీస్టార్ట్ అయ్యాక పింగ్‌కు (సర్వర్ ఉందా అనే పలకరింపు) జవాబు వచ్చిందని లేచిపోవద్దు. ప్రతి సర్వర్‌కూ దాని పనిని బట్టి ఒక నిజమైన పరీక్ష చిట్టాలో రాసి ఉంచండి: బిల్లింగ్ సర్వర్ అయితే ఒక నమూనా బిల్లు ముద్రించడం, ఫైల్ సర్వర్ అయితే మామూలు ఉద్యోగి ఖాతాతో ఒక ఫైలు తెరిచి దాచడం, డేటాబేస్ అయితే అప్లికేషన్ ద్వారా ఒక నివేదిక తీయడం.

ఏదైనా తేడా వస్తే ఎంతసేపు ప్రయత్నించాలో ముందే అనుకోండి. నేను నలభై అయిదు నిమిషాలు పెట్టుకుంటాను. ఆ లోపు తేలకపోతే ఆ ప్యాచ్ తీసేసి లేదా వెనక్కి వెళ్లి, ఉదయం ప్రశాంతంగా కారణం వెతుకుతాను. నిద్ర లేని మనిషి తెల్లవారుజామున నాలుగింటికి చేసే ప్రయోగాలు అసలు సమస్య కంటే పెద్దవి అవుతాయి.

ఏడో పని: నెలవారీ లెక్క, మినహాయింపులు

మూడో వరుస పూర్తయిన మరుసటి సోమవారం ఒక పేజీ నివేదిక తయారుచేసి యజమానికి ఇవ్వండి. మొత్తం సర్వర్లు ఎన్ని, పూర్తయినవి ఎన్ని, రీస్టార్ట్ బాకీ ఎన్నింటికి, కన్సోల్‌తో సంబంధం తెగినవి ఏవి, మినహాయింపులో ఉన్నవి ఏవి, ఎప్పటిదాకా అన్నవి చాలు. సంబంధం తెగిన సర్వర్లను ప్రత్యేకంగా చూడండి, ఎందుకంటే శాతాలు లెక్కవేసేటప్పుడు కొన్ని నివేదికలు వాటిని అసలు లెక్కలోకే తీసుకోవు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ప్రాంతాలు మునిగినప్పటిలా, ఏ కారణం చేతనైనా రోజుల తరబడి ఆపేసిన సర్వర్‌ను తిరిగి వెలిగించేటప్పుడు, ముందు ప్యాచ్‌లు సరిచేసి ఆ తరువాతే మిగతా నెట్‌వర్క్‌తో కలపండి. ప్యాచింగ్ లాగ్‌లను కూడా మిగతా లాగ్‌లతో పాటు భద్రపరచండి. సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు దేశంలోనే ఉండాలి, సైబర్ ఘటన జరిగితే తెలిసిన 6 గంటల్లోగా తెలియజేయాలి.

ఆపరేటింగ్ సిస్టమ్ ప్యాచ్‌లతో పని అయిపోదని కూడా గుర్తుంచుకోండి. 2021 డిసెంబరులో బయటపడిన లాగ్‌ఫోర్‌జే లోపం జావా అప్లికేషన్లలో దాగి ఉంది, ఏ విండోస్ అప్‌డేట్ కూడా దానిని సరిచేయలేకపోయింది. హైపర్‌వైజర్ (వర్చువల్ సర్వర్లను నడిపే సాఫ్ట్‌వేర్), స్టోరేజీ, ఫైర్‌వాల్, సర్వర్ ఫర్మ్‌వేర్, డేటాబేస్ వెర్షన్లకు చిట్టాలో విడి గడులు పెట్టి మూడు నెలలకోసారి చూడండి.

ప్యాచ్ వేయలేని సర్వర్ ప్రతి చోటా ఒకటైనా ఉంటుంది. దానిని మినహాయింపుగా రాసేటప్పుడు కారణం, ఒప్పుకున్నవారి సంతకం, ముగింపు తేదీ, అంతవరకు తీసుకున్న రక్షణ చర్య అనే నాలుగూ లేకుండా అంగీకరించవద్దు. కాటా గదిలో దొరికిన ఆ యంత్రం విషయంలో మేము చేసింది ఇదే. దాని తూకం సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్ మీద నడవదని సరఫరాదారు చెప్పారు. దానిని వేరే వీలాన్‌లోకి (విడిగా చేసిన నెట్‌వర్క్ భాగం) మార్చి, ఒక ప్రింటర్‌కూ డేటాబేస్ సర్వర్‌లోని ఒకే ఒక పోర్టుకూ తప్ప మిగతా దారులన్నీ మూసేశాం. ఇంటర్నెట్ తీసేశాం, రిమోట్ డెస్క్‌టాప్ ఆపేశాం, యూఎస్‌బీ పోర్టుల్లో కాటా తీగ ఉన్నది తప్ప మిగతావి పనిచేయకుండా చేశాం. యంత్రాన్ని టేబుల్ కింద నుంచి తీసి, దుమ్ము దులిపి, గోడకు అమర్చిన పెట్టెలో పెట్టాం. చిట్టాలో దాని వరుసకు ఎదురుగా మార్పు తేదీ గడిలో యార్డు వేసవి సెలవుల మొదటి సోమవారం అని రాసి, పక్కన మేనేజరు గారి చేత సంతకం చేయించాం.